వీలుకప్‌లో #ఎన్/ఏ: పాల కేంద్రం బిల్లులో ఖాతా నంబర్లు, వెన్న శాతం ధరలు తప్పుగా వస్తున్నాయి

పాలకేంద్రం_లెక్కలు అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. మా ఊరి పాల కేంద్రంలో లెక్కలు రాసేది నేనే. 212 మంది సభ్యులు పాలు పోస్తారు. పదిహేను రోజులకు ఒకసారి బిల్లు కట్టి, ఎవరి ఖాతాలో ఎంత జమ చేయాలో జాబితా తయారుచేసి బ్యాంకుకు పంపాలి. చాలాకాలం పుస్తకంలోనే రాశాను. ఏడాదిగా ఎక్సెల్ 2016లో చేస్తున్నాను. ఫార్ములాలు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, వీడియోలు చూసి పెట్టుకున్నవే.

ఫైలులో మూడు ముఖ్యమైన షీట్లు ఉన్నాయి. "సభ్యులు" షీట్‌లో ఏ కాలమ్‌లో సభ్యుల నంబరు, తరువాత వరుసగా పేరు, ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఉంటాయి. రెండో వరుసలో 1వ నంబరుతో మొదలై 213వ వరుసలో 212వ నంబరుతో ముగుస్తుంది. "బిల్లు" షీట్‌లోకి సభ్యుల నంబర్లను, లీటర్లను డెయిరీ వారి వెబ్ పేజీ నుంచి కాపీ చేసి పెడతాను. అక్కడ సభ్యులు నంబరు వరుసలో ఉండరు. ఎక్కువ పాలు పోసినవారు పైన, తక్కువ పోసినవారు కింద ఉంటారు. మూడోది "ధరలు" షీట్. అందులో 3.0 నుంచి 10.0 వరకు వెన్న శాతం, దాని పక్కన లీటరు ధర ఉంటాయి. రోజువారీ పాల షీట్ దీనినుంచే ధర తీసుకుంటుంది.

ఖాతా నంబరు కోసం బిల్లు రెండో వరుసలో నేను పెట్టిన ఫార్ములా ఇది (వీలుకప్ అంటే ఇచ్చిన నంబరును పట్టికలో వెతికి, అదే వరుసలోని వేరే వివరాన్ని తెచ్చేది):

=వీలుకప్(బి2, సభ్యులు!ఏ2:డి213, 3)

దీనిని కిందివరకు లాగాను. పై వరుసల్లో దాదాపు అందరికీ ఖాతా నంబరు వచ్చింది కానీ, కిందికి వెళ్ళేకొద్దీ #ఎన్/ఏలు, అంటే "దొరకలేదు" అనే తప్పులు, పెరిగాయి. ఆ నంబర్లు సభ్యుల షీట్‌లో లేవా అంటే, నా కళ్ళెదుటే ఉన్నాయి. పైన కూడా అక్కడక్కడా, ఉదాహరణకు ఏడో వరుసలో 64వ నంబరుకు, ఇదే తప్పు వచ్చింది. కంట్రోల్ ఎఫ్‌తో 64 అని వెతికితే రెండు షీట్లలోనూ కనబడుతోంది.

నన్ను అసలు భయపెట్టింది వేరే విషయం. ఈమధ్యే చేరిన ఒక సభ్యురాలి నంబరు 213. ఆమెకు ఏ తప్పూ చూపించకుండా ఖాతా నంబరు వచ్చింది. జాబితా బ్యాంకుకు పంపే ముందు ఆమె పాస్‌బుక్ తెచ్చి చూపించడంతో అది 212వ నంబరు వారి ఖాతా అని తెలిసింది. ఆమె ఆ రోజు రాకపోయి ఉంటే డబ్బు వేరొకరికి వెళ్ళిపోయేది.

వెన్న శాతం దగ్గర మొదట, ఖచ్చితంగా అదే శాతం కావాలని, ఫార్ములా చివర ఫాల్స్ పెట్టాను. 3.1, 3.2 లకు ధర వచ్చింది. 3.3 నుంచి #ఎన్/ఏ. మళ్ళీ 4.2, 4.3 లకు వచ్చింది. తరువాత 6.3, 7.1 వంటి గేదె పాల శాతాలకు అసలు రాలేదు. పట్టికలో ప్రతి శాతమూ ఉంది. ఒకరు చెప్పగా ఫాల్స్ తీసి ట్రూ పెడితే తప్పులన్నీ పోయాయి. ఆ విధంగానే రెండు బిల్లులు చెల్లించాము. ఇప్పుడు 213వ నంబరు సంగతి చూశాక దానిమీద కూడా నమ్మకం పోయింది. దయచేసి ఎక్కడెక్కడ తప్పు ఉందో చెప్పగలరు.

ఆడిట్_అనుభవం సమాధానం:

నమస్కారం అండి. మీరు జరిగినది జరిగినట్టు, ఏ వరుసలో ఏ నంబరుకు ఏమి వచ్చిందో రాశారు కనుక ఫైలు చూడకుండానే చాలావరకు చెప్పవచ్చు. మీ ఫార్ములాలో ఒకటి కాదు, మూడు నాలుగు వేర్వేరు కారణాలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి సరిచేసి తక్కినవి వదిలేస్తే మళ్ళీ అదే #ఎన్/ఏ కనబడి మీరు చేసిన సవరణే తప్పనిపిస్తుంది. అందుకే నేను చెప్పే క్రమంలోనే వెళ్ళండి.

ముందు 213వ నంబరు సంగతి. వీలుకప్‌కు నాలుగో భాగం ఇవ్వకపోతే ఎక్సెల్ దానిని ట్రూగా తీసుకుంటుంది. ట్రూ అంటే "సరిగ్గా ఇదే దొరకకపోతే, దీనికన్నా చిన్నవాటిలో అన్నిటికన్నా పెద్దదాన్ని ఇవ్వు" అని అర్థం. కొత్త సభ్యురాలి వివరాలను మీరు ఇంకా సభ్యుల షీట్‌లో ఎక్కించి ఉండరు. 213 దొరకలేదు, దానికన్నా చిన్నవాటిలో పెద్దది 212, కాబట్టి ఆ వరుసలోని ఖాతాను తెచ్చి ఇచ్చింది. ఫార్ములా తనకు చెప్పిన పని చేసింది. మనం అడగవలసిన పని అది కాదు. మనుషుల నంబర్లు, ఖాతాలు, బిల్లు నంబర్లు వెతికేటప్పుడు నాలుగో భాగం ఎప్పుడూ ఫాల్స్ అనే ఉండాలి. అప్పుడు 213కు #ఎన్/ఏ వస్తుంది. ఆ #ఎన్/ఏ మీకు మేలు చేసేదే, ఎందుకంటే ఒక సభ్యురాలి వివరాలు ఇంకా ఎక్కలేదని అది మీకు ముందే చెబుతోంది.

ఇక కిందికి వెళ్ళేకొద్దీ తప్పులు పెరగడం. మీరు రాసిన ఏ2:డి213 లో డాలర్ గుర్తులు లేవు. ఫార్ములాను ఒక వరుస కిందికి లాగితే బి2 అనేది బి3 అయినట్టే, పట్టిక హద్దు కూడా ఏ3:డి214గా జరిగిపోతుంది. బిల్లులో నలభయ్యో వరుసకు వచ్చేసరికి మీ ఫార్ములా ఏ40 నుంచి వెతుకుతూ ఉంటుంది. అంటే 1 నుంచి 38 వరకు ఉన్న సభ్యులు దాని చూపులోనే లేరు. నూరో వరుస దగ్గర మొదటి 98 మంది ఉండరు. అక్కడ 64వ నంబరు వస్తే, పట్టికలో అన్నిటికన్నా చిన్న నంబరు కన్నా అది ఇంకా చిన్నది కనుక ట్రూ ఉన్నా #ఎన్/ఏ తప్పదు. ఫార్ములా రాసేటప్పుడు హద్దు మీద కర్సర్ ఉంచి ఎఫ్4 నొక్కితే డాలర్ గుర్తులు పడతాయి. అప్పుడు ఎంత కిందికి లాగినా అది కదలదు. తప్పు నిజంగా ఇదేనా అని చూసుకోవాలంటే నలభయ్యో వరుసలోని ఫార్ములా సెల్‌పై రెండుసార్లు క్లిక్ చేయండి. అందులో హద్దు ఎక్కడ మొదలవుతోందో మీరే చదవగలరు.

ఏడో వరుసలోని 64 సంగతి వేరు. అక్కడ హద్దు ఇంకా ఏ7 దగ్గరే ఉంది, కనుక 64 దాని లోపలే ఉంది. నా అనుమానం వెబ్ పేజీ మీద. వెబ్ పేజీల నుంచి కాపీ చేసిన అంకెల పక్కన కొన్నిసార్లు విడదీయరాని ఖాళీ అనే ఒక ప్రత్యేకమైన ఖాళీ అక్షరం వస్తుంది. చూడటానికి మామూలు ఖాళీలాగే ఉంటుంది కానీ దాని కోడ్ 160; మామూలు ఖాళీది 32. అది పక్కన చేరిన మరుక్షణం ఎక్సెల్ ఆ 64ను సంఖ్యగా కాక అక్షరాలుగా తీసుకుంటుంది. సభ్యుల షీట్‌లోని 64 సంఖ్య, బిల్లులోని 64 అక్షరాలు. మనకు రెండూ ఒకటే, ఎక్సెల్‌కు కావు. కంట్రోల్ ఎఫ్‌కు రెండు చోట్లా కనబడటానికి కారణం, అది సెల్‌లో కొంత భాగం సరిపోయినా పట్టుకుంటుంది.

ఇది మీరే నిర్ధారించుకోవచ్చు. ఒక ఖాళీ సెల్‌లో =లెన్(బి7) అని రాయండి. 64కు 2 రావాలి. 3 వస్తే కనిపించని అక్షరం ఒకటి ఉన్నట్టే. తరువాత =కోడ్(రైట్(బి7,1)) అని రాస్తే ఆ చివరి అక్షరం కోడ్ వస్తుంది. 32 వస్తే మామూలు ఖాళీ, దానిని ట్రిమ్ (అదనపు ఖాళీలను తీసే ఫంక్షన్) తీసేస్తుంది, తరువాత సంఖ్యగా మార్చడానికి =వాల్యూ(ట్రిమ్(బి7)) అని రాస్తే సరిపోతుంది. 160 వస్తే ట్రిమ్ దానిని ముట్టుకోదు. కనబడని గుర్తులను తీసే క్లీన్ కూడా తొలగించదు. ఎంతోమంది "ట్రిమ్ పెట్టినా పోవడం లేదు" అని మొరపెట్టుకునేది ఇక్కడే. దానికి ఇలా రాయాలి:

=వాల్యూ(ట్రిమ్(సబ్‌స్టిట్యూట్(బి7, చార్(160), "")))

బిల్లు షీట్‌లో పక్కన ఒక కాలమ్ తీసుకుని అన్ని నంబర్లకూ ఈ ఫార్ములా వేసి, వచ్చిన శుభ్రమైన నంబర్లతోనే వెతకండి. వెబ్ పేజీ నుంచి కాపీ చేసే అలవాటు ఉన్నంతకాలం ఈ కాలమ్‌ను తీసివేయవద్దు. ఈసారి ఏడో వరుసలో వచ్చింది, వచ్చేసారి ఇంకో చోట వస్తుంది.

మీరు అడగకపోయినా ఒక మాట. ఫార్ములాలోని 3 అనే అంకె మూడో కాలమ్ అని మాత్రమే చెబుతుంది, ఖాతా నంబరు అని చెప్పదు. రేపు మీరు పేరు పక్కన ఫోను నంబరుకు ఒక కాలమ్ చేరిస్తే, ఆ 3 ఫోను నంబర్లను తెచ్చి ఖాతాల కాలమ్‌లో పెడుతుంది. పది అంకెల ఫోను నంబరు చూపుకు ఖాతా నంబరులాగే ఉంటుంది, తప్పు అని కూడా చూపించదు. నేను తనిఖీకి వెళ్ళిన ఒక చోట సరిగ్గా ఇదే జరిగి, బ్యాంకు జాబితా మొత్తాన్ని తిప్పి పంపింది. అందుకని వీలుకప్ బదులు ఇలా రాయమని సలహా ఇస్తాను:

=ఇండెక్స్(సభ్యులు!$సి$2:$సి$213, మ్యాచ్(బి2, సభ్యులు!$ఏ$2:$ఏ$213, 0))

ఇందులో ఖాతాల కాలమ్‌ను నేరుగా చూపిస్తున్నాం కనుక మధ్యలో ఎన్ని కాలమ్‌లు చేరినా ఫార్ములా తనంతట తానే సర్దుకుంటుంది. చివరి సున్నా అంటే ఖచ్చితంగా అదే నంబరు కావాలని. బి2 బదులు మీ శుభ్రమైన నంబర్ల కాలమ్‌ను పెట్టుకోండి. ఎక్స్‌లుకప్ అనే కొత్త ఫంక్షన్ ఇదే పనిని ఇంకా సులువుగా చేస్తుంది కానీ అది ఎక్సెల్ 2016లో లేదు. ఎవరైనా దానితో ఫైలు పంపితే, మీ దగ్గర లెక్క మళ్ళీ జరగగానే #నేమ్? (ఈ పేరు తెలియదు అనే తప్పు) కనబడుతుంది. కొత్త సభ్యులు చేరినప్పుడల్లా 213ను 214గా మార్చే బాధ లేకుండా, సభ్యుల జాబితాలో ఎక్కడైనా కర్సర్ ఉంచి కంట్రోల్ టీ నొక్కి దానిని టేబుల్‌గా మార్చుకోండి. టేబుల్ కింద కొత్త వరుస రాస్తే అదీ అందులో చేరిపోతుంది, ఆ కాలమ్ మొత్తాన్ని చూపే ఫార్ములాల హద్దూ దానితోపాటే పెరుగుతుంది.

చివరిగా, ఇఫ్‌ఎర్రర్ పెట్టి తప్పుల చోట సున్నా లేదా ఖాళీ వచ్చేలా చేయమని మీకు ఎవరో ఒకరు చెప్పకుండా ఉండరు. డబ్బు చెల్లించే జాబితాలో ఆ పని చేయవద్దు. అది దొరకని నంబరునూ, ఫార్ములా పేరులో పడిన అక్షరదోషాన్నీ, తెగిపోయిన హద్దునూ ఒకే విధంగా మూసివేస్తుంది. తప్పకుండా ఏదో ఒకటి చూపించాలనుకుంటే, #ఎన్/ఏను మాత్రమే పట్టుకునే ఇఫ్‌ఎన్‌ఏ వాడి, సున్నా బదులు "సభ్యుల షీట్‌లో లేరు" అనే మాట రానివ్వండి. 2013 నుంచి వచ్చిన ఎక్సెల్‌లో అది ఉంది.

వెన్న శాతం గురించి నాకన్నా బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు, వారు చెబుతారు. అంతవరకు ట్రూతో ఇంకొక బిల్లు చెల్లించకండి.

పాలకేంద్రం_లెక్కలు:

ఆడిట్_అనుభవం గారికి ధన్యవాదాలు. మీరు చెప్పినట్టే చూశాను. నలభయ్యో వరుసలో హద్దు ఏ40 దగ్గరే మొదలవుతోంది. లెన్ వేస్తే 64కు 3 వచ్చింది, కోడ్ 160. ఇలాంటివి మొత్తం తొమ్మిది వరుసలు దొరికాయి. ఇండెక్స్, మ్యాచ్ పెట్టి చూస్తే ఇప్పుడు 213కు తప్ప అందరికీ ఖాతాలు వచ్చాయి. ఆమె వివరాలు ఎక్కించలేదన్న మాట నిజమే.

ధరల షీట్ గురించి ఒక వివరం మొదట చెప్పలేదు. ఏ2లో 3.0 అని టైపు చేశాను. ఏ3లో =ఏ2+0.1 అని రాసి 10.0 వచ్చేవరకు లాగాను. రోజువారీ షీట్‌లో వెన్న శాతాన్ని మిషన్‌లో చూసి చేత్తో టైపు చేస్తాను, అందులో ఖాళీలు ఉండే అవకాశం లేదు. లెన్ కూడా రెండు చోట్లా 3 అనే వస్తోంది.

గణితం_మాస్టారు సమాధానం:

మీరు ఇప్పుడు చెప్పిన వివరంలోనే జవాబు ఉంది. =ఏ2+0.1 అని లాగడమే కారణం.

కంప్యూటరు సంఖ్యలను మనలా పదుల లెక్కలో కాక రెండుల లెక్కలో దాచుకుంటుంది. మనం 1ని 3తో భాగిస్తే 0.333 అని ఎంత రాసినా ముగియనట్టే, రెండుల లెక్కలో 0.1 ముగియదు. కాబట్టి దానికి అతి దగ్గరగా ఉన్న సంఖ్యనే దాచుకుంటుంది. ఒకసారికి ఆ తేడా లెక్కలోకి రాదు. మీరు మాత్రం దానిని డెబ్బయి సార్లు ఒకదానిమీద ఒకటి కలుపుకుంటూ వెళ్ళారు. నేరుగా టైపు చేసిన 3.3, కలుపుకుంటూ వచ్చిన 3.3 చివరి అంచున వేరవుతాయి.

నేను వరుసగా లెక్క కట్టి చూశాను. 3.1, 3.2 సరిగ్గా కుదురుతాయి. మూడోసారి కలిపేసరికి 3.3000000000000003 అవుతుంది. అక్కడినుంచి 4.1 వరకు ప్రతి విలువా ఉండవలసినదానికన్నా వెంట్రుకవాసి ఎక్కువ. 4.2, 4.3 దగ్గర అదృష్టవశాత్తు మళ్ళీ కుదురుతుంది. 4.4కు వచ్చేసరికి 4.3999999999999995, ఆపైన 10.0 వరకు వెంట్రుకవాసి తక్కువ. మీకు 3.1, 3.2, 4.2, 4.3 లకు మాత్రమే ధర వచ్చి, 6.3కు, 7.1కు రాకపోవడం దీనితో సరిగ్గా సరిపోతోంది.

3.3 దగ్గర దీనిని కంటితో పట్టుకోలేము. సెల్‌లో ఎన్ని దశాంశ స్థానాలు పెంచినా ఎక్సెల్ 15 అంకెలకు మించి చూపించదు, కాబట్టి 3.30000000000000 అనే కనబడుతుంది. =ఏ5=3.3 అని అడిగితే కూడా ట్రూ అనే వస్తుంది, ఎందుకంటే ఆ పోలికలో అది చివరి అంకెలను పట్టించుకోదు. వెతికే ఫంక్షన్లు మాత్రం పట్టించుకుంటాయి. నమ్మకం కుదరకపోతే ఏదైనా సెల్‌లో =(ఏ5-3.3) అని బ్రాకెట్లతో సహా రాయండి, సున్నా రాదు, పదహారో దశాంశ స్థానంలో ఒక చిన్న శేషం మిగులుతుంది. బ్రాకెట్లు తీసేస్తే ఎక్సెల్ దానిని సున్నాగా సర్దేస్తుంది, కనుక అవి ముఖ్యం.

ఇప్పుడు ట్రూ పెట్టాక ఏమి జరిగిందో చూడండి, అసలు బాధ ఇక్కడ ఉంది. గేదె పాలు 6.3 అనుకుందాం. పట్టికలోని 6.3 వెంట్రుకవాసి తక్కువ, కనుక "దీనికన్నా చిన్నవాటిలో పెద్దది" అని అడిగితే ఆ వరుసే దొరుకుతుంది, ధర సరిగ్గానే వస్తుంది. ఆవు పాలు 3.5 తీసుకోండి. పట్టికలోని 3.5 వెంట్రుకవాసి ఎక్కువ. టైపు చేసిన 3.5 దానిని అందుకోలేక ఒక మెట్టు దిగి 3.4 ధర తెచ్చుకుంటుంది. అంటే మీరు ట్రూ పెట్టిన ఆ రెండు బిల్లుల్లో 3.3 నుంచి 4.1 వరకు వెన్న శాతం ఉన్న ప్రతి పూట పాలకూ రైతుకు ఒక మెట్టు తక్కువ ధర పడింది. సాధారణంగా ఆవు పాల వెన్న శాతం ఉండేది ఆ మధ్యలోనే కదా. లీటరుకు కొన్ని పైసలే కావచ్చు, కానీ రెండు పూటలా పోసేవారికి నెల రోజుల మీద అది లెక్కలోకి వచ్చే మొత్తమే. తప్పులు కనబడినన్నాళ్ళు ఎవరికీ నష్టం జరగలేదు. తప్పులు కనబడకుండా పోయిన తరువాతే జరిగింది.

సవరణ సులువు. ధరల షీట్‌లో ఏ3 దగ్గర =రౌండ్(ఏ2+0.1, 1) అని రాసి కిందివరకు లాగండి. ప్రతి మెట్టు దగ్గరా విలువ సర్దుబాటు అవుతుంది కనుక తేడా పోగుపడదు. రోజువారీ షీట్‌లో వెతికేటప్పుడు కూడా శాతాన్ని రౌండ్(డి2, 1) అని చుట్టి ఇవ్వండి, చివర ఫాల్స్ పెట్టండి. దీనికన్నా నాకు నచ్చిన పద్ధతి, శాతాన్ని పదితో హెచ్చించి 35, 63 అని పూర్ణసంఖ్యలుగా పట్టికలో ఉంచుకోవడం. పూర్ణసంఖ్యల దగ్గర ఈ బాధే ఉండదు. అయితే టైపు చేసేటప్పుడు ఒకరు 3.5 అని, ఇంకొకరు 35 అని కొట్టే ప్రమాదం ఉంది కాబట్టి మీరు ఒక్కరే చేస్తున్నట్టయితేనే ఆ దారి పట్టండి.

ట్రూ అసలే పనికిరాదని చెప్పడం లేదు. 3.0 నుంచి 3.4 వరకు ఒక ధర, 3.5 నుంచి 3.9 వరకు ఇంకొక ధర అని శ్రేణులుగా ఉంటే దానికి ట్రూయే సరైనది, పట్టిక చిన్న నుంచి పెద్దకు వరుసలో ఉన్నంతవరకు. మీది ప్రతి మెట్టుకూ వేరే ధర ఉన్న పట్టిక.

బ్యాంకు_కౌంటర్ సమాధానం:

ఇలాంటి జాబితాలను అందుకునే వైపు పనిచేసినవాడిగా ఒకే విషయం చెబుతాను. ఖాతా నంబరును ఎక్సెల్‌లో సంఖ్యగా ఉంచకండి. ముందు ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చి, తరువాతే నంబర్లను టైపు చేయండి. సంఖ్యగా ఉంటే మొదటి సున్నాలు పోతాయి. 15 అంకెలకు మించితే పదహారో అంకె నుంచి అన్నీ సున్నాలు అయిపోతాయి. 16 అంకెల ఖాతా నంబర్లు ఇచ్చే బ్యాంకులు ఉన్నాయి. ఒకసారి సున్నా అయిపోయిన అంకె తరువాత టెక్స్ట్‌గా మార్చినా తిరిగి రాదు, పాస్‌బుక్ చూసి మళ్ళీ ఎక్కించవలసిందే. మీ జాబితాలో సున్నాతో ముగిసే 16 అంకెల ఖాతాలు ఎక్కువగా కనబడితే ముందు వాటిని సరిచూడండి.

ఒకే ఖాతా ఇద్దరికి పడిందేమో చూడటానికి చాలామంది కౌంట్‌ఇఫ్ వాడతారు. అది టెక్స్ట్‌గా ఉన్న అంకెలను కూడా సంఖ్యలుగా చదివి మొదటి 15 అంకెలనే పోలుస్తుంది. చివరి అంకె మాత్రమే వేరైన రెండు 16 అంకెల ఖాతాలను ఒకటే అని చెబుతుంది. దాని బదులు =సమ్‌ప్రొడక్ట్(--(సి$2:సి$213=సి2)) అని వాడితే అక్షరం అక్షరం పోలుస్తుంది.

ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో 11 అక్షరాలు ఉంటాయి, అయిదోది ఎప్పుడూ సున్నా. అక్కడ ఇంగ్లీషు ఓ కొట్టినవి ప్రతి జాబితాలోనూ ఒకటో రెండో వస్తాయి. మీ సభ్యుల్లో పాత ఆంధ్రా బ్యాంకు ఖాతాదారులు ఉంటే, 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిన తరువాత శాఖల కోడ్లు మారాయి కనుక కొత్త కోడ్ వేశారో లేదో చూడండి. వీలుకప్ పాత కోడ్‌ను కూడా ఏ తప్పూ లేకుండా తెచ్చి ఇస్తుంది.

తెలుగు_టైపింగ్ సమాధానం:

నంబరు లేని చోట పేరుతో వెతుకుదామనే ఆలోచన మీకు రావచ్చు. మా పొదుపు సంఘం జాబితాలో నేను అదే చేసి రెండు రోజులు పోగొట్టుకున్నాను కనుక రాస్తున్నాను.

తెలుగులో పొల్లుతో ముగిసే పేర్ల చివర కొన్ని కీబోర్డులు కంటికి కనబడని ఒక అక్షరాన్ని చేరుస్తాయి. పక్క అక్షరం కింద ఒత్తుగా పడకుండా ఆపడానికి వాడే గుర్తు అది. రమేష్ అని ఒక షీట్‌లో ఫోను నుంచి, ఇంకొక షీట్‌లో కంప్యూటరు నుంచి ఎక్కించాను. చూడటానికి ఒకటే. లెన్ వేస్తే ఒక చోట 5, ఇంకొక చోట 6. ర, మ, ఏత్వం, ష, పొల్లు కలిపి అయిదు. ఆరోది ఆ కనబడని గుర్తు. దాని కోడ్ 8204. చార్ ఫంక్షన్ 255 వరకే పనిచేస్తుంది కనుక =సబ్‌స్టిట్యూట్(బి2, యూనిచార్(8204), "") అని రెండు షీట్లలోనూ వేశాక మా పేర్లు కలిశాయి. పేరు మధ్యలో అవసరమై పెట్టిన గుర్తు కూడా దీనితో పోతుంది కాబట్టి అసలు పేర్ల కాలమ్‌ను ముట్టుకోకుండా, పక్క కాలమ్‌లో వెతకడానికి మాత్రమే వాడుకోండి.

ఇది పోయినా రమేష్, రమేశ్ అన్న తేడా మిగులుతుంది. ఒకే పేరుతో ఇద్దరు ఉంటే పైనున్నవారి వివరాలే వస్తాయి. డబ్బు విషయంలో నంబరుతోనే వెతకడం మంచిది.

పాలకేంద్రం_లెక్కలు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రౌండ్ పెట్టి ఫాల్స్‌తో చూస్తే 3.0 నుంచి 10.0 వరకు అన్ని శాతాలకూ ధర వచ్చింది. =(ఏ5-3.3) వేసి ఆ శేషాన్ని కూడా నా కళ్ళతో చూశాను.

గణితం_మాస్టారు గారు చెప్పిన రెండు బిల్లులనూ మళ్ళీ తెరిచాను. పాత ధర కాలమ్ పక్కన కొత్త ఫార్ములాతో ఇంకొక ధర కాలమ్ పెట్టి తేడా తీస్తే, తేడా వచ్చినవన్నీ ఆవు పాలే, అన్నీ 3.3కూ 4.1కీ మధ్యవే. గేదె పాల వరుసల్లో ఒక్కటి కూడా లేదు. సభ్యుల నంబరు ప్రకారం ఆ తేడాలను కలిపి, వచ్చే బిల్లులో "వెనుకటి ధర సవరణ" అని విడిగా ఒక కాలమ్‌లో చూపించి చెల్లించడానికి మా అధ్యక్షుల దగ్గర అనుమతి తీసుకున్నాను. కేంద్రం దగ్గర నోటీసు కూడా అంటిస్తాము.

ఖాతాల కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చాక సున్నాతో ముగిసే 16 అంకెల ఖాతాలు ఏడు కనిపించాయి. ఆ ఏడుగురినీ రేపు ఉదయం పాలు పోయడానికి వచ్చేటప్పుడు పాస్‌బుక్ తెమ్మని కబురు పంపాను. 213వ నంబరు వారి వివరాలు ఈ రోజే ఎక్కించాను.